రెండో వరస కుట్టు

ఇసోగాయ్ కనెమిచి మేస్త్రీకి డెబ్బై ఏడేళ్లు. వాటిలో మొదటి పాతికా తీసేస్తే మిగిలినవన్నీ కోపంతోనే గడిచాయి. ఆయన నవ్వగా చూశామని మా ఫుకురోయ్ ఊళ్లో ఇద్దరు ముగ్గురు అంటారు గానీ, ఏ సంవత్సరంలో అని అడిగితే చెప్పలేరు. నేను ఆయనకు మూడిళ్ల అవతల ముప్పై ఒక్క ఏళ్లుగా కాపురం ఉంటున్నాను. పొద్దున ఏడింటికి ఆయన దుకాణం ఇనప తలుపు పైకి లేచే చప్పుడు వింటే చాలు, ఆవేళ టపా మనిషికి ఎన్ని మాటలు పడతాయో చెప్పగలను.

ఆయన పని పాత కార్లకు లోపలి బట్టలు కుట్టడం. సీట్లు, తలుపు పలకలు, పైకప్పు గుడ్డ. కారుకు బయట ఉన్నదంతా ఇరుగుపొరుగు కోసం, లోపల ఉన్నది మాత్రమే కొన్నవాడి కోసం అని ఆయన సిద్ధాంతం. ఒక కంపెనీ తన మనుషుల్ని ఏ మాత్రం లెక్కచేస్తుందో తెలుసుకోవాలంటే ఇంజను మూత ఎత్తి చూడనక్కర్లేదట. తలుపు తీసి కూర్చుంటే చాలునట.

ఈ సిద్ధాంతానికి ఆయన చూపించే ఆధారం షిరనుయ్. డెబ్బైల మొదట్లో అయిదారేళ్లపాటు తయారై, ఇప్పుడు పెద్దమనుషులు ముఖమల్ గుడ్డతో తుడుచుకుంటున్న రెండు తలుపుల పరుగుబండి అది. రేకు ఒకటే, ఇంజను ఒకటే. అయినా కార్ఖానాలో దానికి రెండు పేర్లుండేవి. అమెరికా వెళ్లేది ఓడ బండి. దేశంలో ఉండిపోయేది ఇంటి బండి. ఓడ బండికి స్టీరింగు ఎడమవైపు, వేగం మైళ్లలో. అవి అవతలి దేశం రోడ్ల సంగతి కాబట్టి మేస్త్రీ క్షమించాడు. క్షమించనివి వేరే ఉన్నాయి. ఓడ బండి డాష్‌బోర్డు మీద తల తగిలినా నొప్పెట్టని మెత్తని పొర, కాళ్ల కింద తివాచీ, సీట్లో నాలుగు వేళ్ల మందం స్పాంజి. ఇంటి బండి డాష్‌బోర్డు గట్టి ప్లాస్టిక్కు. కాళ్ల కింద రబ్బరు చాప. స్పాంజి రెండున్నర వేళ్లు. దానికి పరిహారంగానా అన్నట్టు, తర్వాతి సంవత్సరాల్లో వేగం వంద దాటితే కిణ్ కిణ్ మని మోగే గంట ఒకటీ, ప్రమాదం జరిగితే వెలిగించుకోడానికి పక్కవాడి కాళ్ల దగ్గర ఎర్రమంట కడ్డీ ఒకటీ చేర్చారు.

"పరాయివాడికి పరుపు, మనవాడికి హెచ్చరిక" అంటాడు మేస్త్రీ. ఈ మాట ఆయన నోట నేను రెండు వందల సార్లు విని ఉంటాను. రెండు వందలసార్లూ ఎవరో అప్పుడే ఆయన్ని గిల్లినట్టుగానే అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద తేడా కుట్టు. ఓడ సీటుకు అంచుల వెంట జంట కుట్టు ఉంటుంది, రైలు పట్టాల్లా రెండు వరసలు. ఇంటి సీటుకు ఒంటి వరస. ఈ సంగతి పాతకార్ల లోకంలో వేదవాక్కు. ఆ వాక్కు పలికింది కూడా మేస్త్రీయే. ఎన్షూ పాతకార్ల సంరక్షణ సంఘంవారు ఇరవై ఏళ్ల కిందట ఆయన ఎదుట టేపు రికార్డరు పెట్టి, ఆ కార్ఖానాలో సీట్లు కుట్టిన ప్రత్యక్ష సాక్షిగా ఆయన చెప్పినదంతా రాసుకుని, పుస్తకం వేశారు. అందులో ముప్పై ఒకటో పేజీ: "ఇంటి సీట్లకు జంట కుట్టు వేసిన సందర్భం ఒక్కటి కూడా లేదు. సాక్షి: ఇసోగాయ్ కనెమిచి." అప్పటినుంచి జంట కుట్టు కనిపించిన ఇంటి బండి దొంగ సరుకుతో నిండినట్టే లెక్క. అమెరికానుంచి పాత బండి తెప్పించి, దాని సీట్లు ఊడదీసి ఇక్కడి బండిలో పెట్టారని అర్థం.

ఈ తీర్పులు చెప్పే పెద్దమనిషి షిగెనో. యాభై దాటినవాడు, వృత్తిరీత్యా కట్టుడుపళ్లు తయారుచేస్తాడు. ఆరు రోజులు నిజమైన వాటిలా కనిపించే నకిలీలు చేసి, ఏడో రోజు నిజమైన వాటిలా కనిపించే నకిలీలను పట్టుకుంటాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మేస్త్రీకి ఎంతో సుఖంగా ఉండేది.

జనవరిలో, పడమటి గాలి దుకాణాల బోర్డుల పళ్లూడగొడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆకుపచ్చ షిరనుయ్ ఒకటి వచ్చి మేస్త్రీ దుకాణం ముందు ఆగింది. దిగినావిడకు నలభై అయిదు ఉంటాయి. పేరు ఒగాతా చిజురు. పక్క ఊళ్లో చిన్నపిల్లల బడిలో వంట చూస్తుంది. నేను అప్పుడు మేస్త్రీ దగ్గర మా కుర్చీ దిండు గురించి తిట్లు తింటున్నాను.

"మేస్త్రీగారూ, మీరు ఒక్కసారి చూసి చెప్పాలి" అంది ఆవిడ, చేతిలో కాగితం నలుపుతూ. "ఇది మా నాన్నగారి బండి. పోయిన అక్టోబర్లో ఆయన పోయారు."

"అయ్యో. ఏం చేసేవారమ్మా?" అన్నాను నేను.

"మునిసిపాలిటీలో నీళ్ల మీటర్లు చూసేవారు. ముప్పై ఎనిమిదేళ్లు."

నీళ్ల మీటర్లు చూసేవాడి బతుకు ఎలాంటిదో మాకు తెలియంది కాదు. గొయ్యి మీద మూత తీసి, ముళ్లు ఎక్కడుంటే ఆ అంకె రాయాలి. ఇంటివాళ్లు టీ ఇచ్చినా అదే అంకె, కుక్కను వదిలినా అదే అంకె. ఒగాతా గారు తన పాతికో ఏట, డెబ్బై మూడులో, ఈ బండి కొత్తది కొన్నాడు. కొన్న రోజునే సీట్లకు తెల్ల లేసు కవర్లు తొడిగాడు. ప్రతి ఆదివారం నడిపాడు. పోయే ముందు ఆసుపత్రి మంచం మీదనుంచే, బండి అసలైనదని సర్టిఫికెట్టు ఇమ్మని సంఘానికి దరఖాస్తు పెట్టాడు. "ఇందులో నేను మార్చినది ఏదీ లేదు" అని స్వదస్తూరీతో రాసి ముద్ర వేశాడు.

నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక షిగెనో వచ్చి బండి చూశాడు. లేసు కవర్లు తీయించాడు. కింద జంట కుట్టు కనిపించింది.

చిజురు కాగితం మేస్త్రీ చేతికిచ్చింది. అందులో మర్యాదకు ఏ లోటూ లేదు. "సీట్లు విదేశం నుంచి తిరిగి తెప్పించినవి. దరఖాస్తుదారు ప్రకటన వాస్తవం కాదు. మూడో ఆదివారం సమావేశంలో నిర్ణయం ఖాయమై, సంఘం పత్రికలో ప్రచురితమగును."

"నాకు ఆ సర్టిఫికెట్టు వద్దు" అంది చిజురు. గొంతు వణకలేదు. అలా వణకకుండా ఉండడానికి దారంతా సాధన చేసుకుని వచ్చినట్టుంది. "గోడకు తగిలించుకుంటే ఏమొస్తుంది? కానీ మా నాన్న అబద్ధం చెప్పాడని అచ్చేస్తారట. పోయినాయన వచ్చి కాదని చెప్పలేడు కదండీ. మీటరు అంకె ఒక్కటి తప్పు రాశాననుకుని, అర్ధరాత్రి సైకిలేసుకుని వెళ్లి మళ్లీ చూసొచ్చిన మనిషి ఆయన."

మేస్త్రీ బండి తలుపు తీశాడు. వంగి చూశాడు. బొటనవేలితో రెండో వరస మీద పైనుంచి కిందికి రాశాడు. తర్వాత మోకాళ్ల మీద కూలబడి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఆయన్ని తిట్టకుండా అంతసేపు చూడడం అదే మొదలు. నాకు భయం వేసింది.

"ఏమంటారు మేస్త్రీగారూ? దొంగవేనా?" అని అడిగింది చిజురు.

ఆయన లేచాడు. మొహం ఉడికించిన పీత రంగులో ఉంది.

"దొంగా? ఎవడమ్మా దొంగ అన్నది? ఆ పళ్లవాడా? వాడికి కుట్టు తెలుసా, దారం తెలుసా? పుస్తకం చదివి సీటు చూస్తాడా, సీటు చూసి పుస్తకం రాయాలి గానీ! ఏ గాడిద రాశాడు ఆ పుస్తకం?"

ఏ గాడిద చెప్పగా రాశారో గుర్తు చేసే ధైర్యం నాకు లేకపోయింది. చిజురుకు ఉంది.

"ముప్పై ఒకటో పేజీలో మీ పేరే ఉందండీ" అంది నెమ్మదిగా. "అందుకే మీ దగ్గరకొచ్చాను."

మేస్త్రీ లోపలికి వెళ్లిపోయాడు. ఇనప తలుపు సగందాకా దిగి ఆగింది.

లోపల జరిగినది ఫుసయె గారి వల్ల నాకు తర్వాత తెలిసింది. ఫుసయె మేస్త్రీ భార్య. యాభై ఏళ్లుగా ఆయన కోపాన్ని బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి పక్కన పెడుతున్న మనిషి.

"ఏవండీ, అవి మీరు కుట్టినవేనా?" అని అడిగిందట.

"నేనే."

"మరి చెప్పరేం?"

చెప్పడానికి వీల్లేని కథ అది, కనీసం మేస్త్రీ లెక్కలో. డెబ్బై మూడులో ఒక ఉదయం, రేడియో పాటకు అందరూ చేసే కసరత్తు అయ్యాక, కార్ఖానాలో సెక్షన్‌కు పెద్ద అయినవాడు బల్ల ఎక్కి అందరికీ చెప్పాడు. సీటు అంచు చిరుగుతోందని అమెరికానుంచి ఉత్తరాలొచ్చాయి, ఇకనుంచి ఓడ సీట్లకు రెండో వరస వెయ్యాలి. ఇంటి సీట్లకు అక్కర్లేదు. "మనవాళ్లు బరువుండరు, ఫిర్యాదు చెయ్యరు. పైగా లేసు కవరు తొడుగుతారు. ఎవరు చూడొచ్చారు?" అందరూ నవ్వారు. అదే వారం అకితా నుంచి ఒక చేపలమ్మే ఆవిడ రాసింది, తన సీటు అంచు విడిపోయిందని. ఆవిడకు సెక్షన్ పెద్ద, కంపెనీ పేరున్న తువ్వాలు ఒకటి బహుమతిగా పంపమన్నాడు. ఆ తువ్వాలు పొట్లం కట్టి తపాలాలో వేసే పని పాతికేళ్ల ఇసోగాయ్‌కి పడింది.

పొట్లానికి తాడు బిగిస్తుంటే ఆయనకు కోపం వచ్చింది. ఆ వచ్చిన కోపం మళ్లీ ఎటూ పోలేదు.

మర్నాటినుంచి భోజనం వేళ, అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు, ఆయన పొద్దున్న కుట్టిన ఇంటి సీట్ల కవర్లకు రెండో వరస వేయడం మొదలుపెట్టాడు. కార్ఖానా దారం ముట్టుకుంటే దొరికిపోతాడు కాబట్టి, వీధి చివర తాతామి చాపలు నేసేవాడి దగ్గర జనపనార దారం కొని, నల్లరంగులో ముంచి వాడాడు. ఎండాకాలం మొదలుకుని చలిగాలి దిగేదాకా రోజుకు ఒకటో రెండో. అప్పుడు చమురు కరువు వచ్చింది, బండ్లు తగ్గాయి, ఆయన్ని ఓడ సీట్ల వరసకు మార్చారు. అక్కడితో ఆ తిరుగుబాటు ముగిసింది. ఎవరూ గమనించలేదు. తిరుగుబాట్ల చరిత్రలో ఇంత శబ్దం లేనిది మరొకటి ఉండదు.

గమనించవలసినవాడు ఒకడున్నాడు. ఇంటి సీట్లను తనిఖీ చేసి ముద్ర వేసే సెన్‌జి. ఫుసయె అన్నయ్య. మేస్త్రీ రెండో వరస సంగతి చెబితే, సెన్‌జి సీట్లు చూడకుండానే ముద్ర వేశాడని ఒప్పుకున్నట్టే. టేపు రికార్డరు పెట్టిన రోజు సెన్‌జి కూడా పక్కనే కోటు వేసుకుని కూర్చున్నాడు. "ఒక్కటి కూడా లేదు" అన్నాడు మేస్త్రీ. బావమరిది పరువు నిలిచింది. ఆరేళ్ల కిందట సెన్‌జి పోయాడు. కానీ అప్పటికి పుస్తకం మూడో ముద్రణకొచ్చింది, అచ్చైన అబద్ధానికి ఎదురు చెప్పడం మేస్త్రీకి చేతకాలేదు.

"అన్నయ్య చూడకుండా ముద్ర కొడతాడని కార్ఖానా అంతా తెలుసు" అందట ఫుసయె, టీ కప్పు ఆయన ముందు పెట్టి. "ఊరంతా తెలుసు. అన్నయ్యే చెప్పుకుని నవ్వేవాడు. మీ ఒక్కరికే అది రహస్యం."

"నువ్వు ఊరుకో!"

"ఊరుకోను. నాకు అన్నయ్య పరువు కాదు కావలసింది. ఆ అమ్మాయి బయట గాలిలో నిలబడి ఉంది. వెళ్లి చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఇనప తలుపు మళ్లీ పైకి లేచింది. ఆ చప్పుడుకి అవతలి వీధిలో కుక్క మొరిగింది.

"ఆదివారం నేనొస్తా" అన్నాడు మేస్త్రీ చిజురుతో. ఆ సీటు తన చేతి కుట్టేననీ, తక్కినది సమావేశంలో చెబుతాననీ అన్నాడు. ఆవిడ నడుం విరిగేలా వంగి దణ్ణం పెట్టింది. "నాకెందుకమ్మా దణ్ణం! ఆదివారం అయ్యాక పెడతావో తిడతావో చూద్దాం" అని ఆవిడమీద కూడా అరిచాడు.

మూడో ఆదివారం కమ్యూనిటీ హాల్లో సంఘం సభ్యులు తొమ్మిది మంది చెప్పులు విప్పి, స్లిప్పర్లు తొడుక్కుని, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క టీ సీసా పెట్టుకుని కూర్చున్నారు. మేస్త్రీ చెయ్యి లేస్తే పట్టుకోమని చెప్పి ఫుసయె గారు నన్ను వెంట పంపారు. చిజురు నడుపుకొచ్చిన ఆకుపచ్చ షిరనుయ్ హాలు పక్కనున్న షెడ్డులో, కవర్లు లేని సీట్లతో నిలబడి ఉంది.

మేస్త్రీ లేచి ఉన్నదున్నట్టు చెప్పాడు. సెక్షన్ పెద్ద మాట, తువ్వాలు, జనపనార దారం. చెబుతున్నంతసేపూ ఎదురుగా ఉన్నవాళ్లే ఆ తువ్వాలు పంపినట్టు అరుస్తూనే ఉన్నాడు. చివర "ముప్పై ఒకటో పేజీ అబద్ధం. చెప్పింది నేను" అని కూర్చున్నాడు.

షిగెనో కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇసోగాయ్ గారూ" అన్నాడు చాలా మెల్లగా. "పన్నెండేళ్ల కిందట నా బండి సీట్లు మీ దగ్గరికి తెచ్చాను. గుర్తుందా?"

"ఉంది."

"జంట కుట్టు ఉందండీ, సరిచెయ్యండి అని అడిగాను. పుస్తకం చూపించాను."

"అవును."

"మీరు రెండో వరస విప్పేసి, రంధ్రాలు కనబడకుండా వేడి పెట్టి పూడ్చి ఇచ్చారు. నేను మీకు పెట్టెడు బత్తాయిలు కూడా తెచ్చాను. అప్పుడు మీకు తెలుసా? అది మీ కుట్టేనని?"

"తెలుసు."

"విప్పుతుంటే తెలుసా?"

"విప్పుతుంటే తెలుసయ్యా! నా దారం నాకు తెలీదా? నీదొక్కటే కాదు. నాలుగు బండ్లు అలా విప్పాను. ఒక్కొక్క కుట్టూ కత్తిరిస్తుంటే ఎవడి పీక కత్తిరించాలనిపించేదో నీకు తెలుసా? నీదే! మళ్లీ ఆలోచిస్తే నాది. కానీ పుస్తకంలో ఒంటి వరస అని ఉందిగా! నేను చెప్పినట్టే ఉందిగా!"

అంత మర్యాదస్తుడైన షిగెనో మొహం అప్పుడు ఎర్రబడింది. మాట మాత్రం పెరగలేదు. మావాళ్లకు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. మేస్త్రీ ఒక్కడే దానికి మినహాయింపు.

"అయితే ఒక చిక్కుందండీ" అన్నాడు షిగెనో. "తమరు ఇప్పుడు చెప్పింది నిజమైతే, తమరు అప్పుడు అబద్ధం చెప్పారు. అబద్ధం చెప్పిన సాక్షి మాట మీద ఈ సంఘం ఎలా నిర్ణయం మార్చగలదో దయచేసి సెలవిప్పించండి. పోయిన నెలలోనే ఎవరైనా జనపనార దారంతో కుట్టి ఉండొచ్చు. తమరే కుట్టి ఉండొచ్చు."

మేస్త్రీ చెయ్యి లేచింది. నేను పట్టుకున్నాను.

"లోపల చీటీ ఉంటుంది" అన్నాడు ఆయన పళ్లు బిగించి. "కవరు వెనకవైపు, కుట్టు పట్టీలోకి తనిఖీ చీటీ పెట్టి కలిపి కుట్టేవాళ్లం. కుట్టు అయ్యాక దానిమీద ముద్ర. ముద్ర పడ్డాకనే స్పాంజికి తొడగడం. ఆ చీటీ చూడు."

"చూడాలంటే సీటు కింద కవరును బిగించిన ఇనప కొక్కాలు కత్తిరించాలి."

"కత్తిరించాలి."

"కత్తిరిస్తే అది విప్పిన సీటు అవుతుంది. విప్పిన సీటుకు సంఘం సర్టిఫికెట్టు ఇవ్వదు. ఎవరి మాట నిజమైనా సరే." షిగెనో చిజురు వైపు తిరిగి తల వంచాడు. "నియమం అదండీ. ముద్ర లేకపోతే మీ నాన్నగారి మాట అబద్ధంగా అచ్చవుతుంది. ఉన్నా సర్టిఫికెట్టు రాదు. తెరవకపోతే నా మొదటి నిర్ణయమే నిలుస్తుంది."

సీటు అసలైనదని రుజువు చెయ్యాలంటే దాని అసలుతనం చెడగొట్టాలి. ఇంత పకడ్బందీ నియమం కనిపెట్టడానికి ఆ తొమ్మిది మందికీ ఎన్ని ఆదివారాలు పట్టాయో.

"ఇదేం న్యాయం!" అని అరిచాడు మేస్త్రీ. "యాభై రెండేళ్లు ఒక్క కొక్కెం ముట్టుకోలేదాయన! ఆ బండి మొత్తంలో..."

"తెరవండి" అంది చిజురు.

"అమ్మాయ్, ఆలోచించు. ఒకసారి కోస్తే..."

"మేస్త్రీగారూ, మా నాన్న మీటరు చూడాలంటే మూత తీసేవారు. మూత మీదనుంచి అంకె రాయలేదు ఎప్పుడూ. తెరవండి."

షెడ్డులో గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. సీటు ఊడదీసి బోర్లించారు. మేస్త్రీ తీగలు కోసే కత్తెర తీశాడు గానీ, మొదటి కొక్కెం దగ్గరే ఆయన చెయ్యి ఆగిపోయింది. తుప్పు పట్టి, కార్ఖానాలో బిగించినప్పటి వంపుతోనే ఉంది అది. చిజురు వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "కానివ్వండి" అంది. ఆయన తిట్టుకుంటూ కత్తిరించాడు. ఎవర్ని తిడుతున్నాడో నేను విన్నాను. సెక్షన్ పెద్దను, అమెరికాను, పళ్లవాడిని, బావమరిదిని, చివరికి తన తల్లి పెట్టిన పేరుతో తనను. పద్నాలుగు కొక్కాలు. ఒక్కొక్కటీ టప్పుమని విరిగింది.

కవరు వెనక్కి మడిచాడు. పసుపు పచ్చబారిన చీటీ, కుట్టు పట్టీలో, అక్కడే ఉంది. దాని అంచుగుండా మొదటి వరస నైలాను దారం వెళ్లింది. పక్కనే రెండో వరస, లావుగా, పీచు లేచిన నల్లదారం. ముద్ర మీద తేదీ: పంతొమ్మిది వందల డెబ్బై మూడు, సెప్టెంబరు.

షిగెనో కట్టుడుపళ్ల గీతలు చూసే భూతద్దం తెచ్చుకున్నాడు. మట్టి నేలమీద, ఇస్త్రీ పంట్లాంతో, బోర్లా పడుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. మేస్త్రీ అతని నెత్తిమీద నిలబడి రొప్పుతున్నాడు.

"ఎర్ర సిరా రెండో వరస దారం మీద కూడా పడింది" అన్నాడు షిగెనో నేలమీదనుంచే. "ముద్రలో సగం కాగితం మీదుంది, సగం దారం మీదుంది. దారం ముందు. ముద్ర తర్వాత."

"చెప్పానా!"

"ఆగండి. ఇంకొకటుంది." అతను భూతద్దం మేస్త్రీ చేతికిచ్చాడు. "ముద్ర పక్కన పెన్సిలు గీత."

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. మా దేశంలో బడిపిల్లవాడికి కూడా తెలుసు, జవాబు సరైతే పంతులు ఒక సున్నా చుడతాడు, చాలా బాగుంటే సున్నాలో సున్నా చుడతాడు. కార్ఖానా తనిఖీలో ముద్ర తప్ప పెన్సిలుకు పనే లేదు. ఆ చీటీ మీద మాత్రం, ముద్రకు కుడిపక్క, సన్నగా, సున్నాలో సున్నా చుట్టి ఉంది.

"చూశాడు" అన్నాడు మేస్త్రీ. "సెన్‌జి చూశాడు." మళ్లీ ఒక నిమిషానికి, అప్పుడే చెంపదెబ్బ తిన్నవాడిలా: "దొంగ వెధవ! చూసి కూడా యాభై ఏళ్లు నాతో ఒక్కమాట అనలేదు! పక్కనే కూర్చుని, నేను ఒక్కటి కూడా లేదు అంటుంటే, తలూపాడు! వాడి కోసం నేను, నా కోసం వాడు... ఎంత మూర్ఖులంరా మేమిద్దరం!"

చిజురు ఏడుస్తోందో, గాలికి కళ్లు నీళ్లు కారుతున్నాయో చెప్పలేను. "అయితే మా నాన్న..." అంది.

షిగెనో లేచి, మోకాళ్ల దుమ్ము దులపకుండానే ఆవిడ ఎదుట నిటారుగా నిలబడి, తొంభై డిగ్రీలు వంగాడు. లేవడానికి ఎంతసేపు తీసుకున్నాడంటే, వెనకున్న ఎనిమిదిమందీ ఏం చెయ్యాలో తోచక వాళ్లూ వంగారు.

"ఒగాతా గారు రాసినది అక్షరాలా నిజం. తప్పు నాది. పత్రికలో అలాగే అచ్చేస్తాం, మొదటి పేజీలో." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "సర్టిఫికెట్టు మాత్రం..."

"వద్దని చెప్పాను కదండీ."

"వద్దంటే వద్దా?" మేస్త్రీ మళ్లీ లేచాడు. "ఇవ్వవయ్యా! దేశంలో ఇంతకన్నా అసలు బండి ఎక్కడుంది? కొక్కాలు కోయించింది నువ్వే కదా!"

"నియమం నియమమేనండీ."

"నీ నియమం పళ్లూడిపోను!"

ఎప్పుడూ నవ్వని షిగెనో నోటివెంట ఒక చప్పుడు వచ్చింది. నవ్వు కాకపోవచ్చు. పుస్తకం తెప్పించి, ముప్పై ఒకటో పేజీ తెరిచి, బండి కప్పు మీద పెట్టుకుని, కలం తీశాడు. పాత వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. పక్కన చిన్న అక్షరాలతో రాస్తూ పైకి చదివాడు: "కొన్ని ఇంటి సీట్లకు జంట కుట్టు ఉండవచ్చు."

"ఉండవచ్చు కాదు. ఉంది. నేనే కుట్టాను. రాయి."

షిగెనో కొట్టేసి రాశాడు. "దారం?"

"జనపనార. తాతామివాడి దగ్గర కొన్నది."

"కాలం?"

"డెబ్బై మూడు, జూన్ నుంచి నవంబరు."

"కారణం?" షిగెనో కలం ఆపి పైకి చూశాడు. "ప్రతి మార్పుకీ కారణం గడి ఒకటుందండీ. కార్ఖానా ఆదేశం అనో, సరుకు కొరత అనో రాస్తాం. ఇక్కడేం రాయను?"

మేస్త్రీ ఆలోచించాడు. అరవడానికి కాదు, నిజంగానే.

"కోపం" అన్నాడు.

"ఇది సాంకేతిక గ్రంథమండీ. కోపం అని..."

"రాయి."

షిగెనో చిజురు వైపు చూశాడు. ఆవిడ తలూపింది. అతను గడిలో ఆ మాట రాసి, పక్కన తన ముద్ర వేసి, సిరా ఆరేదాకా పేజీ గాలికి ఎగరకుండా అరచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అదే చేత్తో కలం మేస్త్రీకి అందించాడు.

"తక్కిన మూడు బండ్లు ఎవరివో కూడా ఇక్కడే రాయండి" అన్నాడు. "వాళ్ల ఇళ్లకు ఇద్దరం కలిసి వెళదాం. నేను మాట్లాడతాను. మీరు మాత్రం దయచేసి అక్కడ అరవకండి."

"అరుస్తాను" అన్నాడు మేస్త్రీ, రాస్తూ.